వచ్చే దారి వేరు, పోయే దారి వేరు

కంప్యూటర్‌లో ఔట్‌లుక్, థండర్‌బర్డ్ లాంటి మెయిల్ ప్రోగ్రామ్‌లు వాడేవాళ్ల నోట తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది: మెయిల్స్ వస్తున్నాయి గానీ పోవడం లేదు. ఇన్‌బాక్స్ నిండుతూనే ఉంటుంది, రాసిన జవాబు మాత్రం ఔట్‌బాక్స్‌లోనే ఉండిపోతుంది. నెట్ లేకపోతేనో, పాస్‌వర్డ్ తప్పయితేనో రెండూ ఆగాలి కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఆ ప్రోగ్రామ్ లోపల ఒకదానితో ఒకదానికి సంబంధం లేని రెండు ఏర్పాట్లు పనిచేస్తుంటాయి. పంపేది 1982లో రూపు దిద్దుకుంది, తెచ్చేది 1984లో. అకౌంట్ సెట్టింగ్స్‌లో మనల్ని విసిగించే గడుల్లో చాలావాటికి ఇలాంటి పాత కథ ఉంది. అది తెలిస్తే తప్పు ఎక్కడుందో పట్టుకోవడం సగం తేలికవుతుంది.

పంపే ఏర్పాటు పేరు ఎస్‌ఎమ్‌టీపీ. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోని ఇన్ఫర్మేషన్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన జాన్ పోస్టెల్ 1982 ఆగస్టులో ఆర్‌ఎఫ్‌సీ 821 అనే పత్రంలో దాని నియమాలు రాశారు. రెండు కంప్యూటర్లు ఎలా మాట్లాడుకోవాలో అందులో ఉంది. సర్వర్ 220 అని పలకరిస్తుంది. ఇవతలి కంప్యూటర్ ‘హెలో’ అని తన పేరు చెబుతుంది. సర్వర్ 250 అంటుంది, అంటే సరేనని. ఉత్తరం ఎవరు పంపుతున్నారో ‘మెయిల్ ఫ్రమ్’తో, ఎవరికో ‘ఆర్‌సీపీటీ టు’తో చెప్పి, ‘డేటా’ అనగానే సర్వర్ 354 అని ఉత్తరం వినడానికి సిద్ధమవుతుంది. అంతా పంపాక చివరి వరసలో ఒంటి చుక్క పెడితే ఉత్తరం పూర్తయినట్టు. మళ్లీ 250.

ఇన్ని మాటల్లో పాస్‌వర్డ్ ఊసే లేదు. అప్పటి నెట్‌వర్క్‌లో ఉన్నవి కొన్ని వందల కంప్యూటర్లు, ఎక్కువగా విశ్వవిద్యాలయాలవీ పరిశోధనశాలలవీ. వీధిలోని పోస్టు డబ్బాలో ఉత్తరం వేసేవాణ్ని నువ్వెవరని అడిగేవాళ్లుండరు. ఎస్‌ఎమ్‌టీపీ కూడా అలాగే ఎవరినీ అడగలేదు.

తెచ్చుకోవడం దగ్గర అలా కుదరదు. లోపలున్న ఉత్తరాలు ఒకరి సొంతం. రాత్రి ఆపేసి పొద్దున వేసుకునే చిన్న కంప్యూటర్లు బల్లల మీదికి వస్తున్న కాలంలో, అదే సంస్థకు చెందిన జాయిస్ రేనాల్డ్స్ 1984 అక్టోబరులో పాప్ అనే పద్ధతిని ప్రకటించారు. యూజర్ పేరు, పాస్‌వర్డ్ చెప్పాలి, అప్పుడే ఉత్తరాలు దిగుతాయి. ఇప్పటికీ వాడుకలో ఉన్న పాప్3 1988లో వచ్చింది. స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ 1986లో మొదలుపెట్టిన ఐమ్యాప్ దీనికి పూర్తిగా భిన్నం. అందులో అసలు ఉత్తరం సర్వర్‌లోనే ఉంటుంది, చదివిందీ చెరిపిందీ అక్కడే నమోదవుతుంది. ఫోన్‌లో కనిపించిన మెయిల్స్ ఆఫీసు కంప్యూటర్ తెరవగానే మాయమవుతున్నాయంటే ముందు చూడాల్సింది అక్కడ పాప్ పెట్టారేమోనని. సర్వర్‌లో కాపీ ఉంచమనే టిక్కు లేకపోతే అది దించుకున్నవాటిని అక్కడ చెరిపేస్తుంది.

మన దేశంలో 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ఇంటర్నెట్‌ను జనానికి ఇచ్చినప్పుడు తక్కువ ధరకు దొరికిన షెల్ అకౌంట్లలో ఇలా ఉత్తరాలు దించుకునే బాధ లేదు. మెయిల్ చదివే పైన్ ప్రోగ్రామ్ వీఎస్‌ఎన్‌ఎల్ కంప్యూటర్‌లోనే నడిచేది.

పోస్టు డబ్బాకు కాపలా లేదన్న సంగతి తొంభైల్లో స్పామ్ పంపేవాళ్లకు వరమైంది. ఎవరి సర్వర్ ద్వారా అయినా లక్షల మెయిల్స్ తోసెయ్యొచ్చు. దానికి విరుగుడుగా సొంత మెయిల్ అప్పగించడానికి 1998 డిసెంబరులో 587 అనే వేరే పోర్టు, అంటే సర్వర్‌లోకి వేరే తలుపు, ఇచ్చారు. 1999లో పంపేవాడి గుర్తింపు అడిగే పద్ధతి చేరింది. పాత 25వ పోర్టును ఇళ్ల కనెక్షన్లకు చాలా ఇంటర్నెట్ కంపెనీలు మూసేశాయి. ఔట్‌గోయింగ్ సర్వర్‌కు కూడా పాస్‌వర్డ్ కావాలి అన్న టిక్కు ఔట్‌లుక్‌లో విడిగా ఉండటానికి కారణం ఇదే. మెయిల్ వచ్చి, పోకపోవడానికి చాలాసార్లు ఆ టిక్కు లేకపోవడమే కారణం.

ఎర్రర్ మెసేజ్ రాగానే మూసేసే అలవాటు మానుకోవాలి. మాటలు ఎంతవరకు సాగాయో అది చెబుతుంది. 535 వస్తే సర్వర్ దొరికింది, పాస్‌వర్డ్ నచ్చలేదు. రిలే, అంటే వేరేవాళ్లకు చేరవేయడం, కుదరదంటూ 550 వస్తే గుర్తింపు చెప్పకుండానే ‘ఆర్‌సీపీటీ టు’ దాకా వెళ్లారు, అంటే ఆ టిక్కు లేదు. ఏ అంకే రాకుండా టైమ్ అయిపోయిందంటే తలుపు దగ్గరే ఆగిపోయారు. ఇక అక్కడ పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు, పోర్టు చూడాలి.

పోర్టుల్లో 465ది విచిత్రమైన జాతకం. 1997లో భద్రమైన ఎస్‌ఎమ్‌టీపీకి కేటాయించి, కొన్నాళ్లకే వెనక్కి తీసుకున్నారు. మామూలుగా మాట మొదలుపెట్టి మధ్యలో తాళం వేసుకునే స్టార్ట్‌టీఎల్‌ఎస్ చాలనుకున్నారు. ప్రోగ్రామ్‌లు మాత్రం 465ను వదల్లేదు. చివరికి 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8314 దాన్ని మళ్లీ ఆమోదించింది. అందుకే రెండూ కలిపేసి 465తో స్టార్ట్‌టీఎల్‌ఎస్ ఎంచుకునేవాళ్లున్నారు. అప్పుడు ప్రోగ్రామ్ సర్వర్ నుంచి 220 కోసం చూస్తుంది. సర్వరేమో ముందు తాళం సంగతి తేలాలని ప్రోగ్రామ్ వైపు చూస్తుంది. ఇద్దరూ నోరు విప్పరు. కాసేపటికి టైమ్ అయిపోయిందన్న మెసేజ్ వస్తుంది. 587తో స్టార్ట్‌టీఎల్‌ఎస్, 465తో ఎస్‌ఎస్‌ఎల్ లేదా టీఎల్‌ఎస్ అని జత కుదిర్చితే చాలు.

సర్వర్ తన గుర్తింపుగా చూపే సర్టిఫికెట్ మీద అనుమానం ఉందంటూ హెచ్చరిక వస్తే చాలామంది చదవకుండానే సరేనంటారు. అది మంచిది కాదు. సెట్టింగ్స్‌లో రాసిన సర్వర్ పేరు, సర్టిఫికెట్‌లోని పేరు ఒకటేనా అని ముందు చూడాలి. పాత డెస్క్‌టాప్ అయితే టైమ్ కూడా చూడాలి. మదర్‌బోర్డు మీది బ్యాటరీ అయిపోయి తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతే, నిక్షేపంగా ఉన్న సర్టిఫికెట్ కూడా ఇంకా అమల్లోకి రానట్టే కనబడుతుంది. తేదీ సరిచేస్తే మెయిల్ వస్తుంది.

ఔట్‌లుక్ 2007, 2009లో వచ్చిన థండర్‌బర్డ్ 3 ఈ వివరాలను వాటంతటవే వెతికిపెట్టడం నేర్చాయి. పెద్ద కంపెనీల మెయిల్‌కు అది బాగా పనిచేస్తుంది. సొంత డొమైన్ పెట్టుకున్న చిన్న సంస్థల దగ్గర సర్వర్ పేరును ఊహించాల్సి వచ్చి తడబడుతుంది. అప్పుడు హోస్టింగ్ ఇచ్చినవాళ్లు పంపిన పేర్లను చేత్తో నింపడమే దారి.

2022లో ఇంకో మలుపు వచ్చింది. మామూలు పాస్‌వర్డ్‌తో బయటి ప్రోగ్రామ్‌లు లోపలికి రావడాన్ని గూగుల్ మే 30 నుంచి ఆపేసింది. అక్టోబరు 1 నుంచి మైక్రోసాఫ్ట్ కూడా ఎక్స్‌ఛేంజ్ ఆన్‌లైన్‌లో పాత పద్ధతిని మూసెయ్యడం మొదలుపెట్టింది. దాని బదులు వాడే ఓఆథ్ పద్ధతిలో పాస్‌వర్డ్‌ను ప్రోగ్రామ్‌కు ఇవ్వనక్కర్లేదు. బ్రౌజర్ లాంటి కిటికీలో గూగుల్‌కే చెప్పి అనుమతిస్తే సరిపోతుంది. ఓఆథ్ తెలియని పాత ప్రోగ్రామ్‌లో మాత్రం సరైన పాస్‌వర్డ్ కొట్టినా తప్పనే వస్తుంది. గూగుల్ మెయిల్‌కు అలాంటి ప్రోగ్రామ్ వాడేవాళ్లు టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుని 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. గూగుల్ దాన్ని నాలుగేసి అక్షరాల నాలుగు ముక్కలుగా ఒక్కసారే చూపిస్తుంది. దాన్ని వచ్చే దారికీ, పోయే దారికీ రెండు చోట్లా ఇవ్వాలి.