శ్రీశైలం దారిలో రాత్రి తొమ్మిదైతే...

శ్రీశైల శిఖరం కంటబడితే మరుజన్మ లేదని మన పెద్దల నమ్మకం. మరుజన్మ సంగతి ఎలా ఉన్నా, ఈ జన్మలో ఆ శిఖరం కంటబడాలంటే మాత్రం రాత్రి తొమ్మిదిలోగా అటవీశాఖ వారి గేటు దాటి తీరాలి. హైదరాబాదు నుంచి వచ్చేవారికి మన్ననూరు దగ్గర, మార్కాపురం వైపు నుంచి వచ్చేవారికి దోర్నాల దగ్గర ఆ గేట్లున్నాయి. రాత్రి తొమ్మిదికి మూస్తారు, తెల్లవారి ఆరింటికి తెరుస్తారు. కొండ దిగి వచ్చేవారికి అటు దోమలపెంటలోనూ, ఇటు శిఖరం దగ్గరా ఇదే కట్టడి.

ఈ కట్టడి అంటే చాలామందికి ఒళ్ళుమంట. "దేవుడి దగ్గరకు వెళ్ళడానికి కూడా చెక్‌పోస్టు ఏమిటండీ?" అని నాతో వాదించినవారున్నారు. ఆ మాటలు విని విని, ఒకనాడు పనిగట్టుకొని మన్ననూరు గేటు పక్కన ఉన్న టీకొట్టు బల్లమీద సాయంత్రం నుంచీ కూర్చున్నాను.

ఏడింటిదాకా బండ్లు నింపాదిగానే వెళ్ళాయి. ఎనిమిదిన్నర దాటేసరికి తొందర మొదలయింది. హారన్లు, అరుపులు, "జరగండి, జరగండి" అనే కేకలు. తొమ్మిదయింది. గేటు పడింది. మరి అయిదు నిమిషాలకు ఒక కారు వచ్చి ఆగింది. అందులో ఒక పెద్దమనిషి, ఆయన భార్య, ఇద్దరు పిల్లలు, వెనక సీట్లో ఆయన తల్లిగారు.

"అయిదు నిమిషాలే గదయ్యా! పొద్దున్నే అభిషేకానికి టిక్కెట్టు తీసుకున్నాం" అన్నాడాయన.

"అయిదు నిమిషాలే సార్, కాదంటలేను. గని మీ వెనక ఇంకొకాయన వస్తడు, ఆయనకూ అయిదు నిమిషాలే. ఆయన వెనక ఇంకొకాయన. ఇగ నేను గేటు ఎప్పుడు ఎయ్యాలె?" అన్నాడు కాపలాదారు.

పెద్దమనిషి ఏదో అనబోయాడు. వెనక నుంచి తల్లిగారు, "పోనీలేరా నాయనా, అర్ధరాత్రి ఆ అడవిలో మనకేం పని? తెల్లారే వెడదాం" అన్నది. కారు అచ్చంపేట వైపు తిరిగింది. ఆ రాత్రి అక్కడ జరిగిన వాదాలన్నింటికీ ఆ ముసలమ్మగారి మాటే సరైన జవాబని నాకు తోచింది.

రాత్రిపూట రోడ్డు ఎవరిది?

నల్లమలలో 1978లో అభయారణ్యం ఏర్పడింది. 1983లో అది పులుల సంరక్షణ కేంద్రమయింది. విస్తీర్ణంలో దేశంలో అతి పెద్దది అదే. 2014లో రాష్ట్రం విడిపోయినపుడు కృష్ణకు ఉత్తరాన ఉన్న భాగం అమ్రాబాద్ పేరుతో తెలంగాణకు వెళ్ళింది. నాగార్జునసాగర్-శ్రీశైలం పేరుతో మిగిలినది ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. పులికి ఈ పంపకాల సంగతి తెలియదు. అందుకే కాబోలు, రెండు రాష్ట్రాల గేట్లూ ఒకే వేళకు పడుతున్నాయి.

మన్ననూరు నుంచి శ్రీశైలం 60 కిలోమీటర్ల పైచిలుకు. దోర్నాల నుంచి అయితే 50 దాకా ఉంటుంది. ఈ రెండు రోడ్లూ అడవిని నిలువునా కోసుకుంటూ పోతాయి. పగలు మనం పోతున్నంతసేపూ జంతువులు లోపల పొదలలో పడుకుంటాయి. చీకటి పడ్డాకే వాటికి తెల్లవారుతుంది. చిరుతపులి, ఎలుగుబంటి, ముళ్ళపంది, అలుగు - ఇవన్నీ రాత్రి సంచారులే. మేత ఒకవైపు, నీళ్ళు ఒకవైపు ఉంటే వాటికి రోడ్డు దాటక గతిలేదు. పగలంతా ఎండకు కాగిన తారురోడ్డు రాత్రి ఇంకా వెచ్చగా ఉంటుంది గనుక పాములు దానిమీదికి చేరతాయి. ఇక కారు దీపాలు సూటిగా కళ్ళలో పడితే దుప్పి పారిపోదు, దిమ్మెరపోయి అక్కడే నిలబడుతుంది. మలుపు తిరిగిన డ్రైవరుకు బ్రేకు వేసే వ్యవధి ఉండదు. కణితి వంటి పెద్ద జంతువును గుద్దితే జంతువుకే కాదు, కారులోని సంసారానికీ ప్రమాదమే.

ఈ పద్ధతి మన దగ్గరే ఉన్నదనుకోకండి. కర్ణాటకలో బందీపురం అడవి గుండా కేరళ వెళ్ళే దారిలో కూడా 2009 నుంచి రాత్రి తొమ్మిది మొదలు ఉదయం ఆరు వరకు రాకపోకలపై ఇటువంటి నిషేధమే అమలులోకి వచ్చింది. అక్కడా కోర్టుల దాకా వెళ్ళారు. 2010లో హైకోర్టు నిషేధాన్నే సమర్థించింది. నల్లమలలో అడవికి పైగా వంతెన రోడ్డు వేయాలన్న ప్రతిపాదన కూడా ఒకటి వచ్చింది.

కాలినడక రోజులలో

ఈ నియమాలు కొత్తగా పుట్టినవని అనుకోవడం సరికాదు. మోటార్లు లేని రోజుల్లో యాత్రికులు ఆత్మకూరు నుంచి వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం చేరేవారు. ఆ దారిలో 14వ శతాబ్దిలో ప్రోలయ వేమారెడ్డి మెట్లు కట్టించాడు. అడవిలో గుంపుగా నడవడం, నీళ్ళున్నచోట పొద్దుగూకక ముందే మజిలీ చెయ్యడం వారి పద్ధతి. ఏ అటవీశాఖ చెప్పనక్కరలేదు, భయమూ భక్తీ రెండూ చెప్పేవి. నేటికీ శివరాత్రికి, ఉగాదికి కన్నడ భక్తులు వేలాదిగా ఆ దారినే నడిచి వస్తారు. అటవీశాఖ వారు ఆ కొద్ది రోజులే దారి తెరుస్తారు. అమ్రాబాద్ అడవిలోని సలేశ్వరం లోయకు కూడా చైత్ర పౌర్ణమి నాళ్ళలోనే అనుమతి.

వాన, మంచు, నిప్పు

గేటు దాటినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. నల్లమలలో ఒక్కొక్క ఋతువుకు ఒక్కొక్క పరీక్ష ఉన్నది.

జులై నుంచి సెప్టెంబరు వరకు అమ్రాబాద్‌లో అడవి చూపించే సఫారీ యాత్రలు ఆపేస్తారు. అది వానాకాలం, చాలా జంతువులకు పిల్లలు పెట్టే కాలం. ఘాట్ రోడ్డు మాత్రం తెరిచే ఉంటుంది. కాని వానకు నానిన కొండచరియ నుంచి ఎప్పుడు ఏ రాయి దొర్లుతుందో చెప్పలేము. శ్రీశైలం ఆనకట్ట గేట్లు ఎత్తారని తెలిస్తే చాలు, జనం తండోపతండాలుగా బయలుదేరతారు. మలుపులలో బండి ఆపి ఫోటోలు తీసుకుంటూ నిలబడతారు. వెనక బండ్లు బారులు తీరతాయి. అందమైన దృశ్యమే, కాదనను. కాని రాళ్ళు పడే చోటు అది.

అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను వానలకు డిండి వాగు పొంగి హైదరాబాదు-శ్రీశైలం రోడ్డుమీద రాకపోకలు నిలిచిపోయాయి. పారే నీటిని చూసి "ఎంత, మోకాలు లోతే గదా" అనుకోవద్దు. అడుగు లోతు ప్రవాహం చిన్న కారును తేల్చగలదు. రెండడుగులైతే పెద్ద బండ్లను కూడా ఈడ్చుకుపోతుంది. చలికాలపు తెల్లవారుజామున మంచు కమ్మితే పది గజాల దూరం కనబడదు. అప్పుడు దీపాలు పైకెత్తితే మంచే ఇంకా తెల్లగా మెరుస్తుంది. కిందికి దించి, మెల్లగా సాగడమే మేలు.

ఫిబ్రవరి నుంచి మే వరకు నిప్పు భయం. నల్లమల ఆకురాల్చే అడవి. శివరాత్రి నాటికే నేలంతా ఎండుటాకులు, ఎండుగడ్డి. రోడ్డు పక్కన రాళ్ళు పేర్చి పులిహోర వండుకోవడం, ఆర్పని బీడీముక్క విసరడం చాలు, కొండ కొండంతా అంటుకోవడానికి.

ఇల్లాళ్ళకు, డ్రైవర్లకు

ప్రయాణం కట్టేవారికి నాలుగు మాటలు. హైదరాబాదు నుంచి బయలుదేరేవారు మధ్యాహ్నం రెండింటికల్లా ఊరు దాటితే దీపాలు పెట్టేవేళకు మన్ననూరు గడుస్తుంది. ఆలస్యమయితే గేటు దగ్గర తగువు పెట్టుకోక అచ్చంపేటలోనో, ఇటు అయితే మార్కాపురంలోనో పడుకోండి. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పేది అక్షరాలా నిజం. దిగినంతసేపూ బ్రేకు తొక్కుతూ ఉంటే అది కాగి పట్టు వదిలేస్తుంది. ఎదురుగా ఎక్కి వచ్చే బండికే దారి ఇవ్వాలి.

పిల్లలు ముచ్చటపడి కోతులకు అరటిపళ్ళు విసురుతారు. ఆ రుచి మరిగిన కోతి అడవి మాని రోడ్డుమీదే కాపురం పెడుతుంది, చివరకు ఏ లారీ కిందో పడుతుంది. ప్లాస్టిక్ సంచులు, సీసాలు ఇంటికి తిరిగి తెచ్చుకోండి. ఉప్పు, నూనె వాసనకు దుప్పులు వాటిని నమిలి మింగుతాయి.

చెంచులు మల్లన్నను తమ అల్లుడంటారు. చెంచు పిల్లను చేసుకున్నాడు గనుక ఆయన చెంచు మల్లయ్య. గేటు వల్ల మనకు నష్టమయ్యేది ఏడాదికి ఒక్క రాత్రి. ఆ పెంటలలో బతికే చెంచులు ఏడాది పొడుగునా అడవి కట్టుబాటులోనే ఉంటున్నారు, మన బండ్ల రొద, మన చెత్త కూడా భరిస్తూ. అల్లుడిని చూడబోతూ మామగారి వాకిట్లో గోల చెయ్యడం మర్యాదా? వారి ఇంటి తలుపు రాత్రి తొమ్మిదికి మూస్తారు. తెల్లవారాక తడితే ఆప్యాయంగానే తీస్తారు.