బియ్యానికీ రాయబారం కావాల్సి వచ్చింది!

మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని నంద్యాలలో ఆళ్లగడ్డ మీదుగా కడప వెళ్లే బస్సెక్కి చూడండి. పక్క సీటులో ఉన్నామెతో మాట కలిపితే చాలు. 'మా తమ్ముడు కువైట్‌లో డ్రైవరు', 'మా ఆడబిడ్డ అక్కడ ఇంటిపనికి పోయింది' అనే మాట ఎక్కడో ఒకచోట వినపడుతుంది. మన సీమకూ ఆ ఎడారికీ అంత చుట్టరికం మరి! అందుకే అక్కడ యుద్ధమంటే ఇక్కడ మనకు ముద్ద దిగదు. 'దేశాల గొడవలు మనకెందుకులే' అని పేజీ తిప్పేయకండి. రాయబారం అనేది మన వంటింటి దాకా ఎలా వస్తుందో చెప్పే కథ ఇది. 1990లో నిజంగా జరిగింది.

తెల్లారేసరికి...

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. అప్పుడక్కడ మనవాళ్లు దాదాపు లక్షా డెబ్బై వేలమంది. కువైట్ పాలకుడు సౌదీ అరేబియాకు వెళ్లిపోయాడు. ఎందరో యజమానులు కూడా ఇళ్లు వదిలి వెళ్లారు. పనివాళ్లలో చాలామంది పాస్‌పోర్టులు ఆ యజమానుల దగ్గరే ఉండిపోయాయి. చూస్తుండగానే కువైట్ దీనారుకు విలువ లేకుండా పోయింది. చెల్లెలి పెళ్లికని, ఇంటి పునాదికని దాచుకున్న డబ్బు చిత్తుకాగితాలైంది. ఇప్పట్లా చేతిలో సెల్‌ఫోను ఉన్న రోజులు కావవి. మనిషి ఉన్నాడో లేడో తెలియక రేడియో ముందు కూర్చున్న తల్లుల బాధ చెప్పనలవి కాదు.

కౌగిలి వెనక లెక్క

అప్పటి మన విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ ఆ ఆగస్టులోనే బాగ్దాద్ వెళ్లి సద్దాం హుస్సేన్‌ను కలిశారు. సద్దాం ఆయన్ని కౌగలించుకున్న ఫొటో ప్రపంచమంతా చూసింది. దురాక్రమణ చేసినవాడితో కౌగిలింతలేమిటని విమర్శలొచ్చాయి. సొంత దేశం పోగొట్టుకున్న కువైట్ ప్రజలకు అది మనసు నొచ్చే సంగతే. కాదనలేం.

కానీ ఇంకో వైపు నుంచీ ఆలోచించండి. అల్లుడి మీద ఎంత కోపమున్నా, కూతురు ఆ ఇంట్లో ఉన్నంతకాలం తల్లి నోరు అదుపులో పెట్టుకుని మాట్లాడుతుంది. పిల్లను క్షేమంగా ఇంటికి తెచ్చుకున్నాకే మిగతా పంచాయతీ. మనవాళ్లు బయటికి రావాలంటే ఇరాక్ దారి ఇవ్వాలి మరి. ఆ దారి కోసమే ఆ మర్యాద. దానికి మాట పడక తప్పలేదు.

తిండి పంపడానికీ అనుమతే

ఇరాక్‌తో వ్యాపారం చేయకూడదని ఐక్యరాజ్యసమితి భద్రతామండలి ఆగస్టు 6న ఆంక్షలు పెట్టింది. మానవతా దృష్టితో తప్పనిసరైతేనే తిండి సరుకులు పంపొచ్చంది. అయితే తప్పనిసరి అని తేల్చేదెవరు? కువైట్‌లో మనవాళ్ల డబ్బాలు ఖాళీ అవుతుంటే, న్యూయార్క్‌లో బల్లల చుట్టూ కూర్చుని దాని గురించి చర్చలు! మనవాళ్లు ఆకలితో ఉన్నారని మన ప్రభుత్వం పట్టుబట్టి అడిగింది. సెప్టెంబరు 13న మండలి ఇంకో తీర్మానం చేసింది. రెడ్‌క్రాస్ లాంటి సంస్థల సాయంతో, అవసరమైనవాళ్లకే అందేలా చూస్తూ ఆహారం పంపవచ్చని దాని సారాంశం. ఆ తర్వాతే మన 'విశ్వసిద్ధి' ఓడకు అనుమతి దొరికింది. తిండి సరుకులు, మందులు తీసుకుని ఆ ఓడ వెళ్లింది.

పక్కింటికి గిన్నెడు కూర పంపడానికి మనం ఎవరినీ అడగం. యుద్ధంలో మాత్రం ఒక బియ్యం మూట కదలాలన్నా ఇన్ని సంతకాలు!

ఇక మనుషుల సంగతి. కువైట్ నుంచి ఇరాక్, అక్కడి నుంచి ఎడారి దారిన బస్సుల్లో జోర్డాన్. సరిహద్దు దగ్గర గుడారాల్లో ఎండకు మాడుతూ, నీళ్లకు వరసలో నిలబడుతూ రోజుల తరబడి నిరీక్షణ. జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి బొంబాయికి విమానం. ఎయిర్ ఇండియా వాళ్లు 59 రోజుల్లో 488 విమానాలు నడిపి లక్షమందికి పైగా తీసుకొచ్చారు. పౌర విమానాల్లో ఇంతమందిని తరలించడం గిన్నిస్ రికార్డయింది. ఆ తర్వాత 1991 జనవరిలోనే అసలు బాంబుల వర్షం మొదలైంది. అప్పటికి మనవాళ్లలో ఎక్కువమంది ఇల్లు చేరారు.

బంగారం తాకట్టు, నంద్యాల ఓటు

ఆ మంట అక్కడితో ఆగలేదు. పెట్రోలు ధర పెరిగింది, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు తగ్గింది. ముందే అప్పుల్లో ఉన్న దేశానికి ఈ దెబ్బ తోడై, 1991 నాటికి రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా విదేశీ డబ్బే మిగిలింది. మనం కష్టకాలంలో ఏం చేస్తాం? మెడలో గొలుసు తీస్తాం. దేశమూ అదే చేసింది. 1991 జూలైలో 47 టన్నుల దాకా బంగారాన్ని విదేశాల్లో కుదువపెట్టి, కొన్ని నెలల్లో విడిపించుకుంది.

అప్పుడు ప్రధాని పి.వి. నరసింహారావు. అంతకుముందు విదేశాంగ మంత్రిగా, 1983లో తమిళుల మీద దాడులు జరుగుతుండగా కొలంబో వెళ్లి మాట్లాడొచ్చిన మనిషి. ప్రధాని అయ్యేనాటికి ఆయన ఎంపీ కాదు. ఆళ్లగడ్డ ప్రాంతపు నాయకుడు గంగుల ప్రతాపరెడ్డి తన నంద్యాల లోక్‌సభ స్థానం వదులుకున్నారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్.టి.ఆర్. పోటీ పెట్టలేదు. ఆ నవంబరులో పీవీ 5 లక్షల 80 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. చూశారా, కువైట్‌లో పుట్టిన కష్టాన్ని గట్టెక్కించాల్సిన మనిషిని పార్లమెంటుకు పంపింది మన నంద్యాల ఆడవాళ్ల ఓట్లు కూడా!

ఇంట్లో ఇవి ఉన్నాయా?

యుద్ధంలో నష్టపోయినవాళ్ల కోసం ఐక్యరాజ్యసమితి 1991లో పరిహార కమిషన్ పెట్టింది. పారిపోయి రావాల్సి వచ్చినవాళ్లకు ఒక్కరికి కనీసం 2,500 డాలర్లు, కుటుంబానికి 5,000 చొప్పున నిర్ణయించారు. ఇరాక్ చమురు డబ్బుతోనే ఆ చెల్లింపులు. అన్ని చెల్లింపులూ ముగిసేసరికి 2022 వచ్చింది. ఇలాంటివి అందాలంటే కాగితం ఉండాలి కదా.

అందుకే మీవాళ్లు ఎవరైనా గల్ఫ్ వెళ్తుంటే పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందం నకళ్లు మీ బీరువాలో పెట్టుకోండి. పంపేది లైసెన్సున్న ఏజెంటేనా అని ముందే అడగండి. అక్కడి మన ఎంబసీ ఫోన్ నంబరు క్యాలెండరు మీద రాసిపెట్టుకోండి. ప్రవాసీ భారతీయ బీమా కాగితం కూడా ఇంట్లో ఉండాలి. సంపాదించిందంతా అక్కడే ఉంచకుండా నెలనెలా ఇంటికి పంపమనండి.

2022లో ఉక్రెయిన్ నుంచి 'ఆపరేషన్ గంగ'లో, 2023లో సుడాన్ నుంచి 'ఆపరేషన్ కావేరి'లో మనవాళ్లను తీసుకొచ్చినప్పుడు కూడా ముందు నడిచింది మాటలే, తర్వాతే విమానాలు. దేశాలు మాట్లాడుకోవడం మానేస్తే ముందు ఖాళీ అయ్యేది ఎవరి వంటింటి డబ్బాలో మనకంటే బాగా ఎవరికి తెలుసు?