పుట్టకముందే రక్తనాళాలకు పునాది

గుండెజబ్బు పేరెత్తగానే పొగాకు, ఉప్పు, కొవ్వు, మధుమేహం గుర్తుకొస్తాయి. తల్లి కడుపులో చాలినంత ఎదగకపోవడమూ వీటి సరసన చేరుతుందంటే చాలామంది నమ్మరు. ఇందుకు సంబంధించిన ముఖ్యమైన ఆధారమొకటి మన రంగారెడ్డి జిల్లా పల్లెల్లోనే లభించింది.

ఈ అంశంపై ప్రపంచం దృష్టి మళ్లించినవారు ఇంగ్లండ్ వైద్యుడు డేవిడ్ బార్కర్. హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో 1911 నుంచి మంత్రసానులు, నర్సులు శిశువుల బరువులను రిజిస్టర్లలో నమోదు చేసేవారు. ఆయన బృందం ఆ పాత పుస్తకాలను వెదికి తీసి, ఆ పిల్లలు పెద్దయ్యాక ఏమయ్యారో ఆరా తీసింది. పుట్టినప్పుడు, ఏడాది వయసులో బరువు తక్కువగా ఉన్న పురుషుల్లో గుండెజబ్బు మరణాలు అధికమని 1989లో వెల్లడించింది.

మాయ ద్వారా అందవలసిన పోషకాలు, ప్రాణవాయువు తగ్గితే గర్భస్థ శిశువు పొదుపు పాటిస్తుంది. మెదడుకు రక్తం తగ్గకుండా చూసుకుని కాళ్లకు, మూత్రపిండాలకు కోత పెడుతుంది. ప్రాణం నిలుస్తుంది గానీ దాని మూల్యం తర్వాత చెల్లించవలసి వస్తుంది. ధమని గోడకు సాగే గుణాన్నిచ్చే ఎలాస్టిన్ ప్రధానంగా గర్భం చివరి నెలల్లో, పుట్టిన తొలినాళ్లలో తయారవుతుంది. పెద్దయ్యాక దాని తయారీ నామమాత్రమే. ఆనాడు లోటు పడితే నాళాలు ముందుగా బిరుసెక్కి, రక్తపోటు పెరిగే అవకాశం ఉంటుందని శాస్త్రవేత్తల భావన. మూత్రపిండాల్లో రక్తాన్ని వడపోసే నెఫ్రాన్లదీ ఇదే కథ. పుట్టుకతో వచ్చిన సంఖ్యతోనే జీవితాంతం సరిపెట్టుకోవాలి.

ఇక మన పల్లెల సంగతి. 1987-90 మధ్య హైదరాబాద్ సమీప గ్రామాల్లో కొన్నింటికి గర్భిణులు, చిన్నపిల్లల పోషకాహార పథకం అందింది. పొరుగు గ్రామాలకు అప్పటికింకా రాలేదు. ఆ పిల్లలు 13-18 ఏళ్ల వారయ్యాక, 2003-05లో జాతీయ పోషకాహార సంస్థతో కలిసి పరిశోధకులు వారిని పరీక్షించారు. పథకం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు పెరిగారు. వారి ధమనుల బిరుసుతనం సూచిక 3.3 శాతం తక్కువగా, ఇన్సులిన్ నిరోధకత 20 శాతం తక్కువగా తేలింది. రక్తపోటులో మాత్రం తేడా కనిపించలేదు. పిల్లలకూ ఆహారం అందింది కనుక ఈ ఫలితమంతా గర్భంలోనిదేనని చెప్పడానికి లేదు. అయినా అంగన్‌వాడీ గిన్నెలోని తిండి ప్రభావం పదిహేనేళ్ల తర్వాత నాళాల్లో కనిపించడం చిన్న విషయమేమీ కాదు.

ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని చూలింతల కంచంలో కోత పెట్టే అత్తలు నేటికీ ఉన్నారు. ఈ భయానికి పల్లె, పట్నం తేడా లేదు.

రెండున్నర కిలోలకన్నా తక్కువ బరువుతో పుట్టిన ప్రతి బిడ్డా ఎదుగుదల లోపించినట్లు కాదు. నెలలు నిండక పుట్టినవారూ వారిలో ఉంటారు. సన్నగా పుట్టారన్న బెంగతో పిల్లలను మరీ బొద్దుగా పెంచడమూ తగదు. బాల్యంలో వేగంగా లావెక్కితే ముప్పు మరింత పెరుగుతుంది. ఇలా పుట్టినవారు పెద్దయ్యాక ఆ సంగతి వైద్యునికి చెప్పి, ఏటా రక్తపోటు చూపించుకోవాలి.