ముందు రుమాలు... తర్వాతే పరిశోధన!

షూటింగ్ జరుగుతోంది. డిటెక్టివ్ వేషంలో ఉన్న నటుడు పార్కు బెంచీ మీద కూర్చోవాలి. అంతే సీను. ఆయన జేబులోంచి రుమాలు తీసి బెంచీ తుడవబోయాడు. నవ్వులాటగా ఉంటుంది, వద్దన్నాడు దర్శకుడు. తుడవకుండా కూర్చుంటే తను ఆ పాత్రే కాదన్నాడు నటుడు. ఇద్దరూ పట్టు వీడలేదు. షూటింగ్ ఆగిపోయింది. చివరికి నిర్మాత వచ్చి తీర్పు చెప్పాల్సి వచ్చింది. నటుడే గెలిచాడు!

ఆ నటుడు డేవిడ్ సూషే. పాత్ర ఎర్క్యూల్ ప్వారో. రుమాలుకి అంత గొడవా అనిపించొచ్చు. కానీ నవలల్లోంచి ఓ డిటెక్టివ్‌ని బుల్లితెర మీదికి తేవడంలో అసలు కష్టమంతా అక్కడే ఉంది. అప్పటికే లక్షలమంది పాఠకుల మనసుల్లో ఆయనకో రూపం ఉంది మరి.

అన్నయ్య వద్దన్నాడు

అగాథా క్రిస్టీ 1920లో సృష్టించిన ఈ బెల్జియం డిటెక్టివ్ 33 నవలల్లో, యాభైకి పైగా కథల్లో కనిపిస్తాడు. కోడిగుడ్డు లాంటి తల, మెలితిప్పిన మీసం, మాటిమాటికీ సొంతడబ్బా... చూడగానే నవ్వొచ్చే మనిషి. అందుకే ఈ వేషం జోలికే పోవద్దన్నాడు డేవిడ్ అన్నయ్య, టీవీలో వార్తలు చదివే జాన్ సూషే. క్రిస్టీ కూతురు రోజలిండ్ హిక్స్ అయితే భోజనానికి పిలిచి మరీ హెచ్చరించారు. ప్రేక్షకులు ప్వారోతో కలిసి నవ్వొచ్చు, ప్వారోని చూసి మాత్రం నవ్వకూడదని!

సూషే పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. ప్వారో అలవాట్లను ఒక్కొక్కటే రాసుకుంటూ పోతే జాబితా 93కి చేరింది. ఫ్రెంచివాడు కాదు, బెల్జియంవాడు. కాఫీలో చక్కెర బిళ్లలు నాలుగు, ఒక్కోసారి మూడు. విమానమంటే పడదు. బూట్లు తళతళలాడాల్సిందే. ఆ యాస కోసం బెల్జియం రేడియో విన్నారు. బొజ్జ కోసం కోటు లోపల మెత్తలు కట్టుకున్నారు.

మార్చిందీ ఉంది

అలాగని అంతా పుస్తకంలో ఉన్నట్టే తీయలేదు. నవలల్లో కాలం 1970ల దాకా నడుస్తుంది. సీరియల్‌లో మాత్రం చాలా కథల్ని 1930ల్లోకి తెచ్చేశారు. మిత్రుడు హేస్టింగ్స్, ఇన్‌స్పెక్టర్ జాప్, సెక్రటరీ మిస్ లెమన్... కథలో లేనిచోట కూడా వచ్చి కూర్చున్నారు. అయినా చూసేవాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. ప్వారో ప్వారోలాగే ఉన్నాడు కదా!

1989 జనవరిలో బ్రిటన్‌లోని ఐటీవీలో మొదలైన సీరియల్ పాతికేళ్లలో 70 ఎపిసోడ్లు పూర్తి చేసుకుంది. ప్వారో కన్నుమూసే 'కర్టెన్' నవల 1975లో వచ్చినప్పుడు న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో సంతాప వార్త వేసింది, నిజం మనిషి పోయినట్టే. ఆ కథ టీవీలో 2013 నవంబరులో వచ్చింది.

కానీ సూషే నటించిన చివరి సీను అది కాదు. ప్వారో మరణంతో సెలవు తీసుకోవడం ఇష్టంలేక ఆ ఎపిసోడ్‌ని ముందే తీయించుకున్నారు. ఆఖరి షూటింగ్ డెవన్‌లోని గ్రీన్‌వేలో జరిగింది. అది అగాథా క్రిస్టీ సొంతిల్లు!

పాతికేళ్లు అప్పుతెచ్చుకున్న మనిషిని, నిక్షేపంగా ఉండగానే తీసుకెళ్లి పుట్టింట్లో అప్పగించారన్నమాట.