సర్వర్ హార్డ్ డ్రైవ్ మన డెస్క్‌టాప్‌లో పెట్టొచ్చా?

ఈ ఎపిసోడ్‌కి కారణం మా నాన్న. మా ఊళ్లో ఆయనకి ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్ల సీజన్‌లో ఒక్కో పెళ్లికి మూడు నాలుగొందల జీబీ వీడియో వస్తుంది. కొన్నేళ్ల కిందట ఫోన్ చేసి "ఒరే, డిస్కులన్నీ నిండిపోయాయి, ఏదైనా పెద్దది చూడరా" అన్నారు. నేనప్పుడు సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నా. బీటెక్ చదివాం, కోడ్ రాస్తున్నాం, హార్డ్ డిస్క్ కొనడం ఎంతసేపు అనుకున్నా. సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లి వాడేసిన సర్వర్ డ్రైవ్‌లు రెండు తెచ్చా. కొత్తదాని రేటులో సగం కూడా పడలేదు. "ఇరవైనాలుగ్గంటలూ తిరిగే సరుకు నాన్నా, దీనికి తిరుగులేదు" అని గొప్పగా చెప్పా.

ఆ రెండింట్లో ఒకటి అసలు కేబుల్‌కే ఎక్కలేదు. రెండోది కేబుల్‌కి ఎక్కింది, కానీ తిరగలేదు.

ఎక్కనిదాని సంగతి ముందు చూద్దాం. అది సాస్ డ్రైవ్. షాపాయన "ఇది సాస్ అన్నా, చూస్కో" అని చెప్పాడు కూడా, నేనే వినిపించుకోలేదు. మన మదర్‌బోర్డుల్లో ఉండేది సాటా. డ్రైవ్ వెనక చూడండి. సాటాలో డేటా పిన్నులకీ పవర్ పిన్నులకీ మధ్య చిన్న ఖాళీ ఉంటుంది. సాస్‌లో ఆ ఖాళీ మూసేసి ఉంటుంది, పొరపాటున సాటా కేబుల్ పెట్టకుండా. దీన్ని దాటించే చిన్న అడాప్టర్లు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతాయి. కొనకండి. అవి ఆకారాన్ని కలుపుతాయంతే, భాషని కలపవు. సాటా డ్రైవ్‌ని సాస్ కంట్రోలర్‌కి పెడితే నడుస్తుంది, సాస్ డ్రైవ్‌ని సాటా పోర్టుకి పెడితే నడవదు. ఇది వన్ వే.

సాస్ డ్రైవే వాడాలంటే హెచ్‌బీఏ కార్డు కావాలి. ఎల్ఎస్ఐ 9211-8ఐ లాంటి పాత కార్డులు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. ఐటీ మోడ్ ఫర్మ్‌వేర్ ఉన్నది అడిగి తీసుకోండి, అప్పుడే డ్రైవ్‌లు రెయిడ్ గోల లేకుండా నేరుగా కనపడతాయి. ఈ కార్డులు సర్వర్ ఫ్యాన్ల హోరుగాలిలో పనిచేయడానికి చేసినవి, మన క్యాబినెట్‌లో అయితే పక్కన చిన్న ఫ్యాన్ పెట్టాలి.

అక్కడితో అయిపోదు. పెద్ద స్టోరేజ్ బాక్సుల్లోంచి వచ్చిన సాస్ డ్రైవ్‌లలో కొన్నింటికి సెక్టార్ సైజు 512 బైట్లు కాదు, 520 ఉంటుంది. ఆ ఎక్కువ ఎనిమిది బైట్లలో ఆ బాక్సు తన చెకింగ్ సమాచారం రాసుకుంటుంది. విండోస్‌కి అది అర్థం కాదు. లైనక్స్‌లో ఎస్‌జీ ఫార్మాట్ అనే టూల్‌తో 512కి మార్చొచ్చు, కానీ పెద్ద డ్రైవ్ అయితే గంటలకి గంటలు పడుతుంది. మధ్యలో కరెంట్ పోతే డ్రైవ్ మొండికేస్తుంది, మళ్లీ మొదట్నుంచి. యూపీఎస్ లేకుండా మొదలుపెట్టకండి.

ఇప్పుడు తిరగని డ్రైవ్. ఇది సాటానే, అయినా చలనం లేదు. చచ్చిన డ్రైవ్ అంటగట్టారనుకున్నా. కాదు. సాటా పవర్ కనెక్టర్‌లో మూడో పిన్ను ఉంది చూశారా, పాత పద్ధతిలో అక్కడ 3.3 వోల్టులు వస్తాయి. కొత్త స్టాండర్డ్‌లో అదే పిన్నుకి పవర్ డిజేబుల్ అనే పని ఇచ్చారు. డేటా సెంటర్‌లో ఒక డ్రైవ్ హ్యాంగ్ అయితే మనిషి వెళ్లి పీకి పెట్టక్కర్లేదు, ఆ పిన్నుకి కరెంట్ ఇస్తే డ్రైవ్ ఆగిపోతుంది, తీసేస్తే మళ్లీ లేస్తుంది. మన పాత పవర్ సప్లై ఆ పిన్నుకి ఎప్పుడూ కరెంట్ ఇస్తూనే ఉంటుంది. పాపం డ్రైవ్ "ఆగమన్నారు" అనుకుని ఆగే ఉంటుంది.

దీనికి సెల్ రిపేర్ షాపుల్లో ఉండే పసుపు టేప్, క్యాప్టాన్ అంటారు, సన్నగా కత్తిరించి మూడో పిన్ను మీద అంటిస్తే చాలు. మామూలు సెల్లో టేప్ వద్దు, వేడికి జిగురు కారుతుంది. మోలెక్స్ నుంచి సాటాకి మార్చే కేబుల్ కూడా పనికొస్తుంది, దాంట్లో 3.3 వోల్టుల వైరే ఉండదు. కానీ ప్లాస్టిక్ పోతపోసిన తలకాయ ఉన్న చీప్ రకం షార్ట్ అయి కాలే ప్రమాదం ఉంది. వైర్లు ఒక్కొక్కటీ విడిగా నొక్కి బిగించిన రకం తీసుకోండి.

టేప్ అంటించా, డ్రైవ్ తిరిగింది, నాన్న మురిసిపోయారు. ఏడాదిపాటు పెళ్లిళ్లన్నీ దాంట్లోకే వెళ్లాయి. ఒక్క కాపీ. సర్వర్‌ది కదా అని నేనే బ్యాకప్ గురించి మాట్లాడలేదు.

తర్వాత ఒకరోజు ఒక పెళ్లి ఫోల్డర్ కాపీ చేస్తుంటే ఎర్రర్లు. అప్పుడు కూర్చుని చదివా. మామూలు డెస్క్‌టాప్ డ్రైవ్‌కి ఒక సెక్టార్ చదవడం కష్టమైతే చాలాసేపు, ఒక్కోసారి నిమిషం పైగా, మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. సర్వర్ డ్రైవ్ సాధారణంగా ఏడు సెకన్లు చూసి "నావల్ల కాదు" అని వదిలేస్తుంది. అది లోపం కాదు, అలాగే చేశారు. ఎందుకంటే సర్వర్‌లో దాని పక్కనే అదే డేటా ఉన్న అన్నదమ్ములుంటారు, వాళ్ల దగ్గర్నుంచి తెచ్చుకుంటారు. మా నాన్న టేబుల్ కింద దాని పక్కన ఎవరూ లేరు.

ఆ డబ్బా మీద రాసే అంకెలు కూడా అంతే. సీగేట్ ఎక్సోస్ లాంటి వాటికి 25 లక్షల గంటలు అని ఉంటుంది. లెక్కేస్తే 285 ఏళ్లు! మనవాళ్లు అది చూసి పడిపోతారు. ఒక డ్రైవ్ అన్నేళ్లు బతుకుతుందని కాదు దానర్థం. వెయ్యి డ్రైవ్‌లు ఏడాదంతా నడిపితే మూడో నాలుగో పోతాయని. ఆ మూడింట్లో మీది ఉందో లేదో ఆ అంకె చెప్పదు. పైగా అది వారంటీలో ఉన్న కొత్త డ్రైవ్ లెక్క, మనం కొన్నది పదవీ విరమణ అయినది.

ఆ ఏడు సెకన్ల లిమిట్‌ని చాలా డ్రైవ్‌లలో స్మార్ట్‌సీటీఎల్ టూల్‌తో తీసేయొచ్చు, కమాండ్ స్క్రీన్ మీద ఉంది. పీసీ ఆపి ఆన్ చేస్తే సాధారణంగా సెట్టింగ్ మళ్లీ మామూలుకొస్తుంది, గుర్తుపెట్టుకోండి. నేను లిమిట్ తీసేసి, డీడీరెస్క్యూతో వేరే డ్రైవ్ మీదకి మొత్తం లాగా. రెండు రాత్రులు పట్టింది. మూడు క్లిప్పులు తప్ప అన్నీ వచ్చాయి. ఆ మూడూ అప్పగింతలవి. అమ్మాయి వాళ్లింటికి నాన్న తనే వెళ్లి చెప్పారు, నన్ను రానివ్వలేదు. ట్రైలర్ కోసం ముందే కట్ చేసిన నలభై సెకన్లు ఆయన ఫోన్‌లో మిగిలి ఉంటే అదే ఇచ్చారు.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు స్మార్ట్ రిపోర్ట్ చూడకుండా డబ్బులివ్వకండి. 5, 197, 198 నంబర్ల దగ్గర రా వాల్యూ సున్నా ఉండాలి. పవర్ ఆన్ అవర్స్ 43,800 అంటే ఐదేళ్లు ఆగకుండా తిరిగిందని. గంటలు తక్కువున్నాయని కూడా నమ్మేయకండి. 2025 జనవరిలో జర్మనీలో ఏం బయటపడిందంటే, వేల గంటలు తిరిగిన ఎక్సోస్ డ్రైవ్‌లకి స్మార్ట్ లెక్కలు సున్నా చేసి కొత్తవంటూ అమ్మారు. సీగేట్ డ్రైవ్‌లలో ఫార్మ్ అనే ఇంకో లాగ్ ఉంటుంది, అసలు గంటలు అందులో దొరికిపోయాయి. స్మార్ట్‌మాన్‌టూల్స్ 7.4 నుంచి ఆ లాగ్ చదవొచ్చు.

మిగతావి చిన్న చిన్నవి. గరగరమని శబ్దం చేస్తుంది, బెడ్‌రూమ్‌లో పీసీ అయితే ఆలోచించుకోండి. విండోస్, గేమ్స్ ఎస్ఎస్‌డీలోనే ఉంచండి, సర్వర్‌ది అయినా ఇది తిరిగే డిస్కే. పెద్ద కెపాసిటీ వాటికి పక్కన మధ్య స్క్రూ రంధ్రాలు ఉండకపోవచ్చు, క్యాబినెట్ ట్రే సరిపోతుందో చూసుకోండి.

ఇప్పుడు స్టూడియోలో సాటా సర్వర్ డ్రైవ్‌లు రెండున్నాయి, రెండింట్లోనూ అదే డేటా. సీజన్ అయ్యాక మూడో కాపీ పోర్టబుల్ డిస్క్‌లో ఇంటికెళ్తుంది, అమ్మ బీరువాలోకి. ఆ సాస్ డ్రైవ్ ఇంకా నా టేబుల్ మీదే ఉంది. ఒక్కదాని కోసం హెచ్‌బీఏ కార్డు కొనడం దండగ అని వదిలేశా. ఎవరికైనా నాలుగైదు సాస్ డ్రైవ్‌లు ఊరికే దొరికితే అప్పుడు కార్డు గురించి ఆలోచించండి.