ఆకాశంల డీజిల్ డబ్బా మోసే దళం

యాసంగి కోతలప్పుడు మా ఊర్ల హార్వెస్టర్ పొలంల దిగిందంటే పొద్దుగూకేదాక బయటికి రాదు. డీజిల్ అయిపోతే అది బంకు కాడికి పోదు. పోయొచ్చే వరకు కోత ఆగిపోతది గదా! అందుకే బండి మీద డబ్బాలు పెట్టుకొని డీజిల్‌నే పొలం కాడికి తెస్తరు. యుద్ధ విమానాల ముచ్చట గూడ గిట్లనే ఉంటది. కాకపోతే ఆ డబ్బా మోసేది ఇంకో విమానం, పోసేది నడి ఆకాశంల.

మన వాయుసేనల ఈ పని చేసేది 78వ స్క్వాడ్రన్. ఆగ్రాల ఉంటది. మా తమ్ముడు అగ్నివీర్ వాయు పరీక్షకు తయారైతున్నడు. రాఫెల్, సుఖోయ్, తేజస్ అని పేర్లు టకటక చెప్తడు. ఈ స్క్వాడ్రన్ గురించి అడిగితే మాత్రం నోరెళ్లబెట్టిండు. అందుకే ఇది రాస్తున్న.

గాల్లనే ఇంధనం పోసుడు కొత్త ముచ్చటేం కాదు. 1923 జూన్ 27న అమెరికాల శాన్ డియాగో దగ్గర పై విమానం నుంచి పైపు కిందికి వదిలితే, కింది విమానంల ఉన్నాయన చేత్తోని అందుకొని ట్యాంకుల పెట్టుకున్నడు. మనకు ఆ బలం వచ్చింది 2003ల. ఉజ్బెకిస్తాన్‌ల తాష్కెంట్ ఫ్యాక్టరీ నుంచి ఇల్యూషిన్-78 విమానాలు ఆరు కొన్నరు.

దీనికి మూడు పైపులుంటయి. రెక్కల కింద రెండు, ఎనక భాగంల ఒకటి. పైపు కొసకు బుట్ట లెక్క ఒకటుంటది. ఫైటర్ విమానం ముందటి గొట్టాన్ని ఎనక నుంచి వచ్చి ఆ బుట్టల గుచ్చాలె. రెండూ ఒకటే వేగంతోని పోవాలె. గాలికి ఊగే సూది బెజ్జంల దారం ఎక్కించినట్టే అనుకోర్రి.

లాభమేందంటరా? విమానం నిండ బాంబులు, నిండ ఇంధనం పెట్టుకుంటే బరువెక్కువైతది, లేవుడు కష్టం. అదే తక్కువ ఇంధనంతోని లేసి, పైన నింపుకుంటే బాంబులూ మోస్తది, దూరమూ పోతది. 2004ల మన జాగ్వార్లు అమెరికాల అలాస్కా దాక పోయినయి. 2008ల సుఖోయ్-30లు నెవడా పోయి రెడ్ ఫ్లాగ్ విన్యాసాలల్ల పాల్గొన్నయి. రెండుసార్లు గూడ ఎంట ఈ ట్యాంకర్లే నడిచినయి. 2018 సెప్టెంబర్ 10న తేజస్ మొదటిసారి గాల్ల ఇంధనం తీసుకున్నది గూడ ఇల్యూషిన్ కాన్నుంచే. 20,000 అడుగుల ఎత్తుల 1,900 కిలోలు నింపిండ్రు.

ఇగ బాధ ఏందంటే, 20 ఏండ్లు దాటినా ఆ దళానికి సొంత విమానాలు ఆరే. అవి గూడ ఎప్పుడంటే అప్పుడు లేసేటట్టు ఉండయి. 2010 నుంచి 2016 దాక సగటున 49 శాతమే పనికి సిద్ధంగ ఉన్నయని కాగ్ 2017ల చెప్పింది. ఉండాల్సింది 70 శాతం. అంటే ఆరింట్ల మూడు మూలకున్నట్టే లెక్క.

కొత్తయి కొందామని ఎయిర్‌బస్ ఎ330 ట్యాంకర్‌ను రెండుసార్లు ఎంచుకున్నరు. ధర ఎక్కువని 2010ల ఒకసారి, 2016ల ఇంకోసారి పక్కన పెట్టిండ్రు. ఆఖరికి 2025 మార్చిల రక్షణ శాఖ మెట్రియా అనే కంపెనీతోని ఒప్పందం చేసుకొని, పైలట్ల శిక్షణ కోసం కేసీ-135 ఒకటి కిరాయికి మాట్లాడుకున్నది.

పైసలు చూసుకొని కొనుడు తప్పని నేను అంటలే. గానీ ఫైటర్లకు పెట్టిన పైసల ఫలం పూర్తిగ దక్కాలంటే ట్యాంకర్ గూడ ఉండాలె. లక్షలు పోసి హార్వెస్టర్ కొని, డీజిల్ తెచ్చే బండి లేకుంటే మిషన్ మడిలనే నిలబడుతది.

తమ్మీ, చెల్లే, కొత్త ఫైటర్ వచ్చిందని వీడియో స్టేటస్ పెట్టుకోర్రి, సంబురమే. గానీ ఎన్ని ట్యాంకర్లున్నయి, అండ్ల ఎన్ని లేస్తున్నయి అని గూడ ఒక మాట అడుగుర్రి. మా తమ్ముడు ఇప్పుడు అదే అడుగుతున్నడు.