ఉమ్మడి బాత్రూమ్, ఒంటరి పెద్దాయన

హైదరాబాద్ పాత పేటల్లో నాలుగు వాటాలకు పెరట్లో ఒకటే బాత్రూమ్ ఉన్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. అక్కడ ఒంటరిగా అద్దెకుంటున్న పెద్దాయనకు ఒంట్లో బాగాలేదన్న సంగతి ముందుగా తెలిసేది బాత్రూమ్ దగ్గరే. లోపలికి వెళ్తే అరగంటైనా రారు. వచ్చాక నేలంతా తడి, వాసన. ‘ఖాళీ చేయించండి సార్, పిల్లలున్న ఇల్లు’ అంటూ మిగతావాళ్లు ఓనర్ దగ్గరికి వస్తారు.

ఓనర్ ముందు కనుక్కోవలసింది ఇది ఎప్పుడు మొదలైందని. మొన్నటిదాకా బాగున్న మనిషి వారంలోనే తడబడుతున్నా, పక్క తడుపుతున్నా మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు, బీపీకి కొత్తగా రాసిన నీరు తీసే మాత్ర కావచ్చు. డాక్టరుకు చూపిస్తే సర్దుకునేవి ఇవి. ‘ముసలితనం, అంతే’ అని వదిలేస్తే సర్దుకోవు. అడగడం కూడా విడిగా, ఆయన గదిలో. ‘రాత్రిళ్లు ఎన్నిసార్లు లేస్తున్నారు బాబాయిగారూ?’ అంటే చెప్తారు. ‘కంప్లయింట్లు వస్తున్నాయి’ అంటే తలుపేసుకుంటారు.

ఇక బాత్రూమ్. లోపలి గడియ తీసేసి బయటినుంచీ తెరవగలిగే లాక్ పెట్టించండి. పడిపోతే తలుపు బద్దలుకొట్టే పని ఉండదు. పట్టుకుని లేవడానికి గోడకు స్టీలు రాడ్, జారని మ్యాట్, రాత్రంతా వెలిగే చిన్న బల్బు కావాలి. కూర్చుని లేవలేకపోతే సర్జికల్ షాపుల్లో కమోడ్ కుర్చీలు దొరుకుతాయి. డైపర్లు వాడుతుంటే మూతున్న డబ్బా విడిగా పెట్టాలి. ఒక్కటి లైన్లో పడినా నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, అందరి డ్రైనేజీ ఆగిపోతుంది. కడిగే మనిషిని పెట్టి ఖర్చు పంచుకుంటే సణుగుడు చాలావరకు తగ్గుతుంది.

మతిమరుపు మొదలై స్టవ్ ఆపడం మరిచిపోతుంటే మాత్రం మొహమాటం పనికిరాదు. ఆయన పిల్లలతో మాట్లాడి గ్యాస్ తీయించండి.

పిల్లలు పట్టించుకోకపోతే 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం ఉంది. తనను తాను పోషించుకోలేని పెద్దాయన ట్రిబ్యునల్‌లో భరణం కోరవచ్చు. సలహాకు 14567 ఎల్డర్‌లైన్ ఉంది, కాల్ ఉచితం.

నీళ్లు, కరెంటు ఆపేసి వెళ్లగొట్టాలని చూడకండి. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం వర్తించే ఇళ్లలో అది కుదరదు. పక్క వాటాలవారిని ఇబ్బందిపెట్టే నడవడి ఖాళీ చేయించడానికి ఒక కారణమే. కానీ జబ్బును నడవడిగా చూపించి నెగ్గడం తేలికని నేననుకోను. రిపేర్ల రసీదులు, ఆయన పిల్లలకు పంపిన వాట్సాప్ మెసేజీలు దాచుకోండి. వ్యవహారం కోర్టుదాకా వెళితే అవి పనికొస్తాయి.